దమ్ము ట్రాక్టరు ముందు ఇరుసు: అరిగిన బుష్షుల మార్పు, బిగిసిన బోల్టుల ఊడదీత

మాగాణి దమ్ములో పనిచేయు ట్రాక్టరునకు ఇంజను ఎంత ముఖ్యమో ముందు ఇరుసు కూడ అంత ముఖ్యము. ఇంజను నూనెను రైతులు వేళకు మార్పించుచున్నారు. ఎయిర్ క్లీనరు కడిగించుచున్నారు. ముందు ఇరుసు మాత్రము చక్రములు ఊగులాడునంత వరకు ఎవరి కంటను పడదు. దాని బుష్షులు బురదనీటిలో మునిగి తేలుచు లోలోపల అరిగిపోవుచుండును. నారుమడిలో నారు ముదురుచున్న రోజున, ఊరంతయు ఒకేసారి దమ్ముకు దిగిన రోజున అది మొరాయించును. అపుడు సమ్మెటతో మోదుటయు, పానాకు గొట్టము తొడిగి వ్రేలాడుటయు జరుగును. చిన్న బుష్షుతో పోవలసిన ఖర్చు ఇరుసు మార్చువరకు పోవును. ఒక్కొక్కసారి మనిషి ప్రాణము మీదికి వచ్చును.

ఈ వ్యాసమున చెప్పదలచిన ముఖ్య విషయము ఒక్కటే. బిగిసిన బోల్టుగాని, పట్టుకొన్న బుష్షుగాని మోటు బలమునకు లొంగదు, వరుసకు లొంగును. నూనె, తట్టుట, అటునిటు త్రిప్పుట, వేడి అను నాలుగింటిని ఒకదాని వెనుక ఒకటిగా, తగిన వ్యవధి ఇచ్చి వాడిన యెడల గ్రామమున ఉన్న పనిముట్లతోనే ఈ పనిని చాలవరకు ముగించుకొనవచ్చును.

బుష్షు చేయు పని

ట్రాక్టరు ముందు ఇరుసు నడుమ ఒక లావుపాటి పిన్నుపై వ్రేలాడుచుండును. ఒక చక్రము గట్టు ఎక్కినను రెండవది పల్లమున నిలుచుటకు ఈ ఏర్పాటు. ఇరుసు రెండు కొనలయందు నిలువు పిన్నులు కలవు. వీనిని మెకానిక్కులు కింగు పిన్నులందురు. స్టీరింగు త్రిప్పినపుడు ఇవి తిరుగును. ఈ మూడుచోట్లను పిన్నునకు, ఇరుసునకు నడుమ గొట్టము వంటి తొడుగు ఉండును. అదియే బుష్షు. ఇది కంచుతో గాని, ఉక్కుతో గాని చేయబడును.

చెప్పు తాను అరిగి కాలును కాపాడినట్లు బుష్షు తాను అరిగి ఇరుసును, పిన్నును కాపాడును. కావున బుష్షు అరుగుట దోషము కాదు. అరిగిన దానిని మార్చకుండుటయే దోషము. బుష్షు పూర్తిగా తినిపోయిన పిదప పిన్ను నేరుగా ఇరుసు రంధ్రమును తినుట ప్రారంభించును. రంధ్రము కోలగా మారినచో క్రొత్త బుష్షు అందులో నిలువదు. అపుడు రంధ్రమును లేతుపై సరిచేయించవలెను, లేదా ఇరుసునే మార్చవలెను.

అరుగుదలను కనుగొనుట

వెనుక చక్రములకు ముందు వెనుకల దిమ్మెలు పెట్టి, ముందు చక్రము నేలను వదలునట్లు జాకీతో లేపవలెను. చక్రమును పైనను క్రిందను పట్టి ఊపి చూడవలెను. ఇంకొకరు లోపలివైపు నుండి కింగు పిన్నును గమనింపవలెను. చక్రముతోబాటు పిన్ను కూడ ఇరుసులో కదలిన యెడల బుష్షు అరిగినట్లు. పిన్ను కదలక చక్రము మాత్రమే కదలినచో లోపము చక్రపు బేరింగులో కలదు. ఈ తేడా చూడక బుష్షులు మార్పించిన రైతు ఖర్చు పెట్టియు ఫలము పొందడు.

నడిమి పిన్నును చూచుటకు ఇరుసు క్రింద గడ్డపార పెట్టి మెల్లగా ఎత్తి దించవలెను. పిన్ను వద్ద ఇరుసు పైకి క్రిందికి గాని, ముందుకు వెనుకకు గాని ఆడుచున్నచో అచటి బుష్షు మార్పునకు వచ్చినదని తెలియవలెను. రోడ్డుపై స్టీరింగు వణకుట, ముందు టైర్లు ఒక అంచున అరుగుట కూడ ఈ లోపమునకు గుర్తులు కావచ్చును. ట్రాలీలో మనుషులను ఎక్కించుట మొదటికే తగదు. ముందు చక్రము ఊగు ట్రాక్టరునకు బరువు ట్రాలీ తగిలించి రోడ్డు ఎక్కించుట మరింత అపాయము.

పనికి అదను

డెల్టా గ్రామములలో దాళ్వా కోతలు ముగిసి, కాలువలు కట్టిన తరువాత వచ్చు రోజులు ఈ పనికి తగినవి. బిగిసిన బోల్టులకు నూనె నానుటకు రెండు మూడు రోజులు కావలెను. లేతు పని పడినచో ఇంకను కొన్ని రోజులు పట్టును. కావున రోహిణి కార్తె లోపల పని ముగించుకొనవలెను. మృగశిర వచ్చి తొలకరి పడిన పిదప మెకానిక్కు దొరకడు. దొరికినను అతనికి తీరిక ఉండదు. తొందరలో చేసిన పనియందే బోల్టులు విరుగును.

ప్రాణరక్షణ మొదట

1. జాకీ లేపుటకే గాని మోయుటకు కాదు. జాకీపై మాత్రమే నిలిచిన ట్రాక్టరు క్రిందికి ఎవరును దూరరాదు. లేపిన వెంటనే ఉక్కు స్టాండ్లు గాని, గట్టి కొయ్య దిమ్మెలు గాని అడ్డముగా పేర్చి వానిపైకి బరువును దింపవలెను. ఇటుకలు పెట్టరాదు. అవి ఏ సూచనయు లేకుండ ఒక్కసారిగా పగులును.

2. పని గట్టినేలపై చేయవలెను. మెత్తని నేలయైనచో జాకీ క్రింద మందపు చెక్క వేయవలెను.

3. నడిమి పిన్ను తీయునపుడు ట్రాక్టరు ముందుభాగము ప్రక్కకు ఒరగవచ్చును. కావున ముందు చట్రమునకు రెండు ప్రక్కల ఆధారము ఇచ్చిన పిదపనే పిన్నుపై చేయి వేయవలెను.

4. గట్టి ఉక్కుపై సుత్తి దెబ్బ పడినపుడు చిన్న పెళ్ల ఎగిరి కంటిలో గ్రుచ్చుకొనగలదు. కళ్లద్దములు తప్పక ధరింపవలెను. పిన్నును నేరుగా మోదక, నడుమ ఇత్తడి కడ్డీ గాని, రాగి కడ్డీ గాని ఉంచి కొట్టవలెను. ఒక సుత్తిపై ఇంకొక సుత్తితో కొట్టరాదు.

బోల్టు ఏల బిగియును?

ఇనుము తుప్పుగా మారినపుడు రెండింతలకు మించి ఉబ్బును. మరల నడుమ ఉన్న సందు వెంట్రుక వాసి మాత్రమే. ఉబ్బిన తుప్పు ఆ సందును నింపి మేకువలె బిగించును. దమ్ము ట్రాక్టరు బోల్టులలో దీనికి తోడు సన్నని బురద చేరి గట్టిపడును. ఇట్టి బోల్టు బలముతో త్రిప్పిన కదలదు. కదలుటకు మున్ను మెలిపడి తెగును.

ఒక లెక్క చూడుడు. తలపై 8.8 గుర్తు గల 12 మిల్లీమీటర్ల బోల్టును బిగించుటకు ఒక మీటరు పొడవు పానా చివర ఇంచుమించు 8 కిలోల బలము చాలును. 60 కిలోల మనిషి అదే పొడవు గొట్టమునకు వ్రేలాడినచో బోల్టుపై దానికి ఏడు రెట్లకు మించిన మెలి పడును. తుప్పు వదలకున్న బోల్టు తెగుట తప్పదు. తెగిన బోల్టును తీయు పని బిగిసిన బోల్టును తీయు పనికి పదింతలు.

పానా ఎంపిక

పానా సరిపడకున్న బోల్టు తల అంచులు అరిగి గుండ్రనగును. పాత ట్రాక్టర్లలో ఈ విషయము ముఖ్యము. 1960లో మద్రాసున స్థాపితమైన టాఫే కంపెనీ తయారుచేసిన మాసీ ఫెర్గూసన్ ట్రాక్టర్లును, మహీంద్రావారి తొలినాటి ఇంటర్నేషనల్ బి-275 ట్రాక్టర్లును బ్రిటిషు నమూనాలు. వానిలో అంగుళపు కొలతల బోల్టులు హెచ్చు. హెచ్.ఎం.టి. వారు 1971లో చెకొస్లొవేకియా నమూనాపై ప్రారంభించిన జీటర్ ట్రాక్టర్లలో మిల్లీమీటరు కొలతలు కలవు.

3/4 అంగుళము పానా స్థానమున 19 మిల్లీమీటర్ల పానాయు, 15/16 అంగుళము స్థానమున 24 మిల్లీమీటర్ల పానాయు ఇంచుమించు సరిపోవును. కాని 11/16 అంగుళము అనగా 17.46 మిల్లీమీటర్లు. దీనికి 17 పానా ఎక్కదు. 18 పానా వదులై అంచులు తినును. 9/16 అంగుళమునకు కూడ ఇదే గతి. దీనికి 14 పానా పట్టదు, 15 వదులగును. కావున పాత ట్రాక్టరు గల రైతు అంగుళపు పానాల జత ఒకటి కొని ఉంచుకొనవలెను. బిగిసిన బోల్టునకు రెండంచుల పానా పనికిరాదు. ఆరు పలకలను పట్టు రింగు పానా గాని, బాక్సు పానా గాని వాడవలెను.

ఊడదీయు వరుస

మొదటి మెట్టు: శుభ్రము. ఇనుప బ్రష్షుతో బురదను, పైకి కనబడు మరలపై తుప్పును పూర్తిగా రుద్ది తీయవలెను. మురికిపై పోసిన నూనె లోనికి దిగదు.

రెండవ మెట్టు: నూనె. బజారులో దొరకు తుప్పు వదలించు నూనె గాని, కిరోసిను, పలుచని ఇంజను నూనె సమముగా కలిపినది గాని మరలపై చుక్కలుగా వేయవలెను. ఉదయము, సాయంత్రము వేయుచు రెండు రోజులు నాననీయవలెను. ఒకేసారి గిన్నెడు పోసిన లాభము లేదు, అది నేలపాలగును.

మూడవ మెట్టు: తట్టుట. నూనె వేసినపుడెల్ల బోల్టు తలపై చిన్న సుత్తితో నిలువుగా పది పదిహేను దెబ్బలు తట్టవలెను. ఈ అదురునకు తుప్పు చిట్లి నూనెకు దారి ఇచ్చును. బలమైన ఒక దెబ్బకంటె తేలికైన పది దెబ్బలు మేలు.

నాల్గవ మెట్టు: మొదట బిగింపు, పిదప వదులు. పానా వేసి ముందుగా బిగించు దిశగా కొంచెము ఒత్తవలెను. టక్కుమను చప్పుడుతో కదలినచో తుప్పు పట్టు విడినట్లే. పిదప వదులు దిశగా పావు చుట్టు త్రిప్పి, మరల వెనుకకు తెచ్చి, నూనె వేసి, తిరిగి త్రిప్పవలెను. మధ్యలో బిగిసినచో బలవంతముగా ముందుకు పోరాదు. వెనుకకు త్రిప్పిన తుప్పు పొడి జారిపోవును.

ఐదవ మెట్టు: వేడి. పై నాలుగింటికి లొంగనిచో వేడి పెట్టవలెను.

వేడి పెట్టు విధము

బండి చక్రమునకు కమ్మరి ఇనుప పట్టా ఎక్కించుటను మనమందరము చూచినదే. పట్టాను పిడకల మంటలో కాల్చును, అది పెరుగును, చక్రముపై వేసి నీరు చల్లగానే ముడుచుకొని పట్టుకొనును. 1.5 మీటర్ల అడ్డకొలత గల పట్టాను 400 డిగ్రీల మేర వేడిచేసిన దాని చుట్టుకొలత 2 సెంటీమీటర్లకు పైగా పెరుగును. ఈ సూత్రమే ఇచటను పనిచేయును. బోల్టును కాక, దాని చుట్టు ఉన్న నట్టును వేడిచేయవలెను. నట్టు రంధ్రము విప్పారి బోల్టును వదలును. బోల్టును కాల్చినచో అదియే ఉబ్బి ఇంకను బిగియును.

గ్యాసు మంటతో నట్టు చుట్టును సమముగా కాల్చి, కొంచెము ఆరనిచ్చి పానా వేయవలెను. వెచ్చగా ఉన్నపుడు మరల అంచున కొవ్వొత్తి ముక్కను తాకించిన మైనము కరగి లోనికి దిగును. ఎర్రగా కాలిన ఇనుముపై నూనె పోయరాదు, మండును. ఇరుసు పోత ఇనుముదైనచో మెల్లగా వేడిచేసి మెల్లగా ఆరనీయవలెను. నీళ్లు పోసిన పగులును.

మంట వాడుటకు మున్ను చేయవలసినవి: ముందు రోజులలో పోసిన కిరోసిను నూనెను గుడ్డతో పూర్తిగా తుడువవలెను. డీజిలు టాంకు, గొట్టములు మంటకు దూరముగా ఉన్నవో లేవో చూడవలెను. బ్యాటరీ నుండి మండు వాయువు వెలువడును గనుక దానిని దించి ఉంచవలెను. రబ్బరు సీళ్లను ముందుగా తీయవలెను; అవి కాలిన పొగ విషము. ఇసుక బకెట్టు చెంత ఉంచవలెను. ఎర్రగా కాల్చిన బోల్టును, నట్టును తిరిగి వాడరాదు. వాని బలము తగ్గిపోవును.

ఇంకను రానిచో నట్టును ఉలితో ఒక పలకపై చీల్చి తీయవచ్చును. నట్టు పోయినను బోల్టు రంధ్రము నిలుచును. బోల్టు తెగి ముక్క లోపల నిలిచినచో, పైకి కొంచెము కనబడుచున్న యెడల దానిపై క్రొత్త నట్టును వెల్డింగు చేయించి త్రిప్పించవలెను. వెల్డింగు వేడియే తుప్పును సడలించును. లోనికి దిగి తెగినచో సరిగా నడుమ పంచి గుర్తు పెట్టి డ్రిల్లు చేయించవలెను. ఇది లేతు పనివాని చేత చేయించుట మంచిది.

పాత బుష్షును తీయుట

స్టీరింగు చేయిని ఊడదీయుటకు మున్ను అది పిన్నుపై ఏ స్థానమున ఉన్నదో పంచితో గుర్తు పెట్టవలెను. వాషర్లు, బేరింగు ఏ వరుసను వచ్చినవో అదే వరుసను గోనెపట్టాపై పేర్చవలెను. పిన్ను తీసిన పిదప బుష్షును ఈ మూడు విధములలో ఒకదానితో తీయవచ్చును.

లాగుట: బుష్షుకంటె కొంచెము పెద్ద లోపలి కొలత గల గొట్టపు ముక్కను ఇరుసుకు ఒక వైపున ఆనించవలెను. రెండవ వైపున బుష్షు అంచుపై మాత్రమే ఆని, రంధ్రములో దూరునంతటి వాషరు పెట్టవలెను. రెండింటి నడుమ పొడవైన బోల్టు దూర్చి నట్టు బిగించిన, బుష్షు మెల్లగా గొట్టములోనికి వచ్చును. దెబ్బ అక్కరలేదు గనుక ఇది ఉత్తమమైన పద్ధతి.

కోయుట: ఇనుప రంపపు బ్లేడును బుష్షులోనికి దూర్చి పొడవున ఒక గాటు కోయవలెను. బుష్షు మందము ముగియుటకు కొంచెము మున్నే ఆపి, సన్న ఉలితో గాటు వద్ద లోనికి ముడిచిన పట్టు వదలును. గాటు ఇరుసులోనికి దిగరాదు.

ముడుచుట: బుష్షు ఉక్కుదైనచో దాని లోపలి గోడపై పొడవున ఒక వెల్డింగు గీత వేయించవలెను. ఆరునపుడు ఉక్కు ముడుచుకొని బుష్షు తనంత తానే సడలును. కంచు బుష్షునకు ఇది పనికిరాదు. ట్రాక్టరుపై వెల్డింగు చేయునపుడు బ్యాటరీ తీగలు తప్పక ఊడదీసి ఉంచవలెను.

క్రొత్త బుష్షు ఎక్కించుట

రంధ్రమును గుడ్డతో తుడిచి, అంచునగల పొక్కులను ఆకురాయితో తీయవలెను. బుష్షులోని గ్రీజు రంధ్రమును ఇరుసుపైని గ్రీజు నిపిల్ రంధ్రమునకు ఎదురుగా ఉంచుట మిక్కిలి ముఖ్యము. ఇది తప్పినచో ఎంత గ్రీజు కొట్టినను లోనికి పోదు. క్రొత్త బుష్షు త్వరలోనే పాతబడును. ఎక్కించుటకు మున్నే ఇరుసు వెలుపల సుద్దతో గీత గీసి ఉంచుకొనవలెను.

బుష్షును ముందునాటి రాత్రి ఫ్రిజ్జులోని మంచు అరలో ఉంచిన ఎక్కించుట సులభము. 40 మిల్లీమీటర్ల కంచు బుష్షు 50 డిగ్రీలు చల్లబడిన 0.03 మిల్లీమీటరుకు పైగా చిన్నదగును. చూచుటకు ఇది స్వల్పము. కాని బిగుతు కొలత కూడ అట్టిదే. పొడవు బోల్టుతోనే లోనికి లాగవలెను. సుత్తితో కొట్టిన అంచు మడతపడును. ఎక్కిన పిదప కంచు బుష్షు లోపలి కొలత కొంచెము తగ్గును గనుక రీమరుతో పిన్నునకు సరిచేయించవలెను. పిన్ను చేతితో నునుపుగా తిరుగవలెను, ఊగరాదు. పాత పిన్నుపై గోటికి తగులు గాడి ఉన్నచో పిన్నును కూడ మార్చవలెను.

జీపు, ట్రాలీ కమానులు

పాత జీపులు, కమాను పట్టీలు గల ట్రాలీలు ఉన్నవారికి కూడ పై వరుసయే వర్తించును. అచట బుష్షు కమాను చెవిలో ఉండును. రబ్బరు బుష్షైనచో ఉక్కు గొట్టముతో అంటుకొని ఉండును. దానిని కాల్చి తీయుట కొందరి అలవాటు. పొగ విషము, కమాను ఉక్కు పదును కూడ చెడును. రబ్బరును డ్రిల్లుతో తొలిచి తీసి, వెలుపలి గొట్టమును రంపముతో కోయుట మేలు. పాత విల్లీసు నమూనా జీపులలో మరలు గల బుష్షులు కలవు. వీనిలో కొన్నిటికి ఎడమ మర ఉండును. తల చుట్టు గాడి ఉన్నది ఎడమ మరది. ఇది ఎరుగక వదులు చేయుచున్నామనుకొని బిగించువారు కలరు. రబ్బరు బుష్షుల బోల్టులను బండి బరువు చక్రములపైకి దింపిన పిదపనే తుదిగా బిగింపవలెను. లేనిచో రబ్బరు మెలిపడి త్వరలో చినుగును.

బిగింపు, పోషణ

తిరిగి బిగించునపుడు మరలకు గ్రీజు పలుచగా పూసిన మరుసటిసారి ఊడదీయుట సులభమగును. అయితే గ్రీజు పూసిన బోల్టు తక్కువ బలముతోనే హెచ్చుగా బిగియును, అతిగా లాగరాదు. క్రొత్త బోల్టు తలపైని గుర్తు పాతదానికి సమానముగా గాని, అంతకు మించి గాని ఉండవలెను. పని ముగిసిన పిదప ముందు చక్రముల లోపలి ఒరవడిని కంపెనీ పుస్తకములోని కొలత ప్రకారము సరిచూడవలెను. ఒక గంట నడిపి బోల్టులను మరల ఒకసారి చూడవలెను.

ఇక మీదట ప్రతి 10 గంటల పనికి ఒకసారి మూడు పిన్నులకును గ్రీజు కొట్టవలెను. దమ్ము రోజులలో ప్రతి సాయంత్రము ట్రాక్టరు కడిగిన వెంటనే, మురికి గ్రీజు బయటికి వచ్చి శుభ్రమైన గ్రీజు కనబడు వరకు కొట్టవలెను. గ్రీజు లోనికి పోకున్న నిపిల్ మూసుకొన్నదని గ్రహించి వెంటనే మార్చవలెను.

గ్రామాధికారులకు ఒక సూచన. అద్దె యంత్ర కేంద్రముల ట్రాక్టర్లు అనేకుల చేతులలో నడచును గనుక గ్రీజు వంతు ఎవరిదో తేలక ముందు ఇరుసులు త్వరగా అరుగును. ప్రతి యంత్రమునకు ఒక చిన్న పుస్తకము పెట్టి, గంటల లెక్కయు, గ్రీజు కొట్టిన తేదీయు, కొట్టిన వాని సంతకమును వ్రాయించవలెను. ఉక్కు స్టాండ్లు, అంగుళపు పానాల జత, పొడవు బోల్టులు, గొట్టపు ముక్కలు కేంద్రమున ఉమ్మడిగా ఉంచిన గ్రామమంతటికి ఉపయోగపడును. అనంతపురము జిల్లా గార్లదిన్నెలో ఉన్న దక్షిణ ప్రాంత వ్యవసాయ యంత్రముల శిక్షణ, పరీక్షా సంస్థలో ట్రాక్టరు నడుపుట, పోషణలపై శిక్షణ ఇచ్చుచున్నారు. ఆసక్తిగల యువకులను అచటికి పంపవలెను.

కావున రైతు సోదరులు ఈ వేసవిలోనే ముందు చక్రమును ఒకసారి లేపి ఊపి చూతురుగాక. ఊగినచో ఆ సాయంత్రమే బోల్టులకు మొదటి చుక్క నూనె వేయవలెను. అక్కడినుండి పని సగము నూనెయే చేయును. మిగిలిన సగము ఓర్పుతో చేసిన యెడల కాలువకు నీరు వచ్చునాటికి ట్రాక్టరు దమ్ముకు సిద్ధముగా ఉండును.